పిన్ను గుచ్చిన నోట్లు

"దేశం ఆపదలో ఉన్నప్పుడు దేశభక్తుడి జేబు తెరిచే ఉండాలి!" అని మా దీవి ఊరిపెద్ద పాంతాజిస్ కాఫీ కొట్టు ముందు కుర్చీ ఎక్కి ప్రకటించాడు. ప్రకటించినంతసేపూ ఆయన చేతులు రెండూ జేబుల్లోనే ఉన్నాయి.

బ్యాంకులు మూసేశారు. ఏటీఎం ముందు ఎండలో నిలబడితే మనిషికి రోజుకు అరవై యూరోలు. గ్రీసును యూరోలోంచి గెంటేస్తారని, నంబరు వై అక్షరంతో మొదలయ్యే నోట్లు మావి గనక చిత్తుకాగితాలవుతాయని, ఎక్స్ నోట్లు జర్మన్లవి గనక బతికిపోతాయని ఊరంతా పుకారు. నేను చదివింది ఆరో తరగతి. భయపడడానికి అంత చదువు చాలు.

మా అబ్బాయి స్త్రాతిస్ పెళ్ళి ఆ ఆదివారమే. వాడి పడవ ఇంజను పాడైపోయింది. పెళ్ళిలో వధూవరుల బట్టలకు జనం గుచ్చే నోట్లతోనే కొత్తది కొనాలి. కొనకపోతే చేపలుండవు, కోడలు పుట్టింటికి పోతుంది, వాడు తెడ్లు వేసుకుంటూ టర్కీ దాకా కొట్టుకుపోతాడు. నాకు ముందే తెలుసు.

"అమ్మా, కాస్త ఊపిరి పీల్చుకో," అన్నాడు వాడు.

"పీలుస్తూనే ఉన్నానురా. దానికీ రోజుకింతని పెడతారేమో!"

పెళ్ళిలో వయొలిన్ మొదలవగానే అందరికీ దానగుణం పొంగింది! ఏటీఎం ముందుకన్నా మా కోడలి ముందే బారు పెద్దది.

"నోటు నోటే! అక్షరం చూసేవాడు దేశద్రోహి!" అంటూ పాంతాజిస్ అందరికన్నా ముందు ఆమె భుజానికి యాభై గుచ్చాడు. చప్పట్లు! నా కళ్ళు చెమర్చాయి. కళ్ళద్దాలు తుడుచుకుని దగ్గరికెళ్ళాను. వై. పక్కది వై. వీపంతా వై. పాంతాజిస్ నోటుకైతే అప్పటికే ఇంకో పాత పిన్ను రంధ్రం ఉంది.

మర్నాడు ఆ నోట్లన్నీ మూటగట్టి పాంతాజిస్ ఇంజన్ల కొట్టుకే వెళ్ళాను. దీవిలో పడవ ఇంజన్లు అమ్మేది ఆయనొక్కడే. ఆయన ఒక నోటును వెలుతురుకెత్తి చూశాడు.

"వదినా, ఇవి కాక ఇంకేమైనా..."

"నోటు నోటే కదా అన్నయ్యా?"

"అది పెళ్ళి. ఇది వ్యాపారం!"

"ఈ యాభై మీరు గుచ్చిందే. రెండు రంధ్రాలున్నాయి. ఒకటి మా కోడలిది. రెండోది ఏ పెళ్ళికూతురిదో ఆదివారం చర్చిలో అందరి ముందూ అడగమంటారా?"

పాంతాజిస్ చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగేసరికి ఇంజను బల్ల మీద ఉంది.

"దేశం కోసం తీసుకుంటున్నాను," అన్నాడు మూట లాక్కుంటూ. "ఆ యాభై మాత్రం నువ్వే ఉంచుకో. నీకు తగ్గింపు."

ఇంజను బాగానే నడుస్తోంది. ఎప్పుడాగుతుందోనని నేను ఒడ్డున నిలబడి వింటూనే ఉన్నాను. జర్మన్ యాత్రికులకు గది అద్దెకిచ్చి పరుపు కింద దాచిన ఎక్స్ నోట్లు నాకున్నాయి. వాటితోనే ఇంజను కొనొచ్చు కదా అంటారేమో. బాగుంది! రేపు కష్టకాలం వస్తే?

వచ్చే ఆదివారం పాంతాజిస్ కూతురి పెళ్ళి. ఆ యాభై నోటును ఇస్త్రీ చేసి పెట్టాను. మూడో పిన్నుకు చోటుంది.