నీలం జట్టులో మిగిలినవాడు

"పార్టీలో ఐకమత్యం కోసం ఈ ఆదివారం అందరం ఊరి బయట తోటలో లేజర్ ట్యాగ్ చేద్దాం!" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. వెనక వరసలవారికి అది 'త్యాగం' అని వినపడింది. త్యాగమనేసరికి హాలు సగం ఖాళీ అయింది. అది ట్యాగేననీ, ఆట అనీ, పైగా భోజనాలున్నాయనీ గుమ్మంలో నిలబడి అరిచి, జనాన్ని వెనక్కి మళ్ళించిన ఘనత మైకుబాబాయిది.

మైకుబాబాయి మంత్రిగారి వర్గంలో నినాదాల శాఖ చూస్తాడు. చేతిలో మైకు లేకపోయినా ఉన్నట్టే వినిపిస్తాడు కనక ఆ పేరు. పార్కుల బోర్డు చైర్మన్ పదవి ఖాళీగా ఉంది. "ఆట కాగానే పేరు ప్రకటిస్తా. చివరిదాకా నాతో ఉన్నవాడిదే కుర్చీ" అని మంత్రిగారు అతని భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పారు. ఆ చొక్కాని బాబాయి ఇంకా ఉతకనివ్వలేదు.

ఆదివారం పొద్దున భార్య అడిగింది: "ఆ ఆటలో తుపాకీ పట్టుకోవాలట, వచ్చా మీకు?"

"అదెందుకే? మంత్రిగారి పక్కన నిలబడడం వచ్చుగా."

"ఇన్నేళ్ళూ నిలబడే గదా ఉండిపోయారు. ఈసారైనా కూర్చోండి."

తోటలో మంత్రిగారిది నీలం జట్టు, పార్టీ ఉపాధ్యక్షుడిది ఎరుపు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి ఎంత గౌరవమంటే, మాట్లాడితే ఎక్కడ తగ్గిపోతుందోనని ఏడాదిగా మాట్లాడుకోవడం మానేశారు.

ఆట నేర్పే అమ్మాయి అందరికీ దీపాలున్న కోట్లు తొడిగింది. "తుపాకీలోంచి వచ్చేది వెలుతురే, దెబ్బ తగలదు. ఎవరు కొడితే మీ దీపం వాళ్ళ రంగులోకి మారుతుంది. అప్పట్నుంచి మీరు వాళ్ళ జట్టు. అందరిదీ ఒకే రంగైనా, టైమైపోయి సైరన్ మోగినా ఆట అయిపోయినట్టు."

"మరి ఓడిపోయేదెవరు?" అన్నాడు పార్టీ కోశాధికారి.

"ఎవరూ ఓడిపోరండీ. మారిపోతారంతే."

"ఈమాత్రం దానికి నేర్పడమెందుకమ్మా!"

ఆట మొదలైంది. నీలం వీరులు చెట్టుకొకరు దాక్కున్నారు. మంత్రిగారు పాత టైర్ల గుట్ట వెనక వ్యూహరచనలో మునిగిపోయారు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. పైవారి ఉద్దేశం తెలియకుండా పేల్చడం క్రమశిక్షణ కాదు. అంతలో ఓ గుసగుస చెట్టునించి చెట్టుకి పాకింది: హెడ్డాఫీసు నుంచి ఫోనొచ్చిందట. రేపట్నుంచి మంత్రి పదవి ఉపాధ్యక్షుడికట.

ఆ తరవాత నీలం జట్టు చూపిన సాహసం వర్ణించడానికి మాటలు చాలవు. ఒక్కొక్కరే గుండెలు విరుచుకుని శత్రువుకి ఎదురెళ్ళారు.

"ఇక్కడ కొట్టన్నా, ఇక్కడ!"

"ముందు నన్ను కొట్టు బావా, మనం చుట్టాలం!"

ఉపాధ్యక్షుడి వేలు వాచిపోయింది. "తోసుకోకండయ్యా! నేను పుట్టు ఎరుపుని, నాకే ఆయన దగ్గరికి దారి లేకుండా పోయింది" అని ఓ పాత కార్యకర్త వాపోయాడు.

మైకుబాబాయి మాత్రం కదల్లేదు. చివరిదాకా ఉంటే కుర్చీ. నిజమే, కానీ కుర్చీ ఇచ్చేవాడి కుర్చీయే పోతే? అతని విధేయత చాలాసేపు నిలిచింది. అంటే, తన జట్టు కోశాధికారే ఎర్రదీపంతో ఎదురయ్యేదాకా. అప్పుడు ఉపాధ్యక్షుడి దగ్గరికి పరిగెత్తాడు.

"కొట్టండయ్యా!" అన్నాడు, నిన్నటిదాకా 'వాడు' అన్న నోటితోనే. ఉపాధ్యక్షుడు గుండెకి గురిపెట్టి కొట్టాడు. నీలమే. మళ్ళీ కొట్టాడు. నీలమే.

"మనిషివి వచ్చావు గానీ బాబాయ్, నీ మనసింకా మారలేదు."

"మారిందయ్యా! ఒట్టు! దీపానికే తెలీట్లేదు!"

"దీపం అబద్ధమాడదు బాబాయ్."

సైరన్ మోగింది. స్కోరు చూపే తెర మీద 'నీలం: ఒకరు' అని పడింది. బాబాయి తెర దగ్గరికి పరిగెత్తాడు. "ఒకరేంటి? నేనూ మంత్రిగారూ కలిపి ఇద్దరం కదా?"

టైర్ల వెనకనించి మంత్రిగారు చిరునవ్వుతో వచ్చారు. దీపం ఎర్రగా వెలిగిపోతోంది. ఫోను పెట్టేసిన మరుక్షణమే ఆయన ఉపాధ్యక్షుణ్ణి పిలిపించుకుని, అందరికన్నా ముందు కొట్టించుకున్నారు. రేపటి మంత్రికి ముఖ్య సలహాదారు ఆయనే. వార్త బయటికి పొక్కింది ఆ తరవాతే.

జనం బాబాయి చుట్టూ మూగారు. "ఒంటరిగా వర్గం నడుపుతున్నాడు చూశావా!" "వెనక ఎవరో పెద్దవాళ్ళు లేకపోతే ఇంత ధైర్యమా?"

"ఐకమత్యానికి నువ్వొక్కడివే అడ్డం పడ్డావు బాబాయ్" అన్నారు మంత్రిగారు నొచ్చుకుని.

ఆట నేర్పే అమ్మాయి మైకందుకుంది. "ఆగండాగండి! పొరపాటు మాది. ఆ కోటుకి ముందువైపు పాడైంది, వీపు మీద కొడితేనే పనిచేస్తుంది. పాపం, ఆయన మారడానికి చాలా కష్టపడ్డారండీ. నేను చూశాను."

"అదా సంగతి!" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. బాబాయి మనవాడే.

బాబాయి గిర్రున తిరిగి, చెట్టువైపు మొహం పెట్టి, మంత్రిగారికి వీపు అప్పగించాడు. "మీ చేత్తోనే కొట్టండయ్యా. ఆ తరవాత ఆ కుర్చీ..."

మంత్రిగారు తుపాకీ ఎత్తారు. ఆట చూడ్డానికొచ్చిన విలేకరులు కెమెరాలెత్తారు. అది చూసి మంత్రిగారు తుపాకీ దించేశారు.

"వెనకనించి కొట్టడం నా రాజకీయ జీవితంలోనే లేదు" అన్నారు గద్గద స్వరంతో.

ఉపాధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్లు మిన్నంటాయి. ఆ మోతలోనే పార్కుల బోర్డు చైర్మన్‌గా కోశాధికారి పేరు ప్రకటించేశారు. చెట్టువైపు తిరిగే ఉన్న మైకుబాబాయి, పేరేమిటో పట్టించుకోకుండానే, అలవాటు కొద్దీ అందరికన్నా గట్టిగా జిందాబాద్ కొట్టాడు.