భోజనానికి పిలవడమనే పరిపాలనా సమస్య

మానవుడు నిప్పును కనిపెట్టాడు. ఆ నిప్పు మీద వండుకోవడం నేర్చుకున్నాడు. ఆకాశంలోకి మనిషిని పంపి, క్షేమంగా వెనక్కి రప్పించడం కూడా నేర్చుకున్నాడు. పక్కగదిలో ఉన్న మనిషిని భోజనాల బల్ల దగ్గరికి రప్పించడం మాత్రం ఇంతవరకూ అతని వల్ల కాలేదు. పిలవని పేరంటానికి పరుగెత్తే మనుషులే పిలిచిన భోజనానికి కదలరు. దీన్ని ఇన్నాళ్లూ అందరూ కుటుంబ సమస్య అనుకుంటూ వచ్చారు. కాదు, ఇది పరిపాలనా సమస్య అని మొట్టమొదట గుర్తించింది నేనేనని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఈ విషయం మాట్లాడే అర్హత నాకుంది. నేను పనిచేసే ఆఫీసులో వరసల విభాగం అని ఒకటుంది. జనం ఏ పని మీద వచ్చినా ముందు మా దగ్గరికి వచ్చి టోకెన్ తీసుకోవాలి. ఆ పని అసలు మా ఆఫీసులో జరుగుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి. (తమ నంబరు ఎర్రదీపాల్లో వెలిగినప్పుడు జనం మొహాలు ఎంత వెలుగుతాయో చూస్తే, పని కాకపోయినా ఫరవాలేదనిపిస్తుంది. చాలాసార్లు కాదు కూడా.) ఆఫీసులో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ నేను వరసాయన్నే. అలాంటి నా ఇంట్లో, ఉన్న ఐదుగురూ ఒకే బల్ల చుట్టూ ఒకేసారి కూర్చున్న దాఖలా ఒక్కటీ లేదు.

ఐదుగురిలో పిలిచే మనిషి ఒకరు, పిలిపించుకునేవాళ్లం నలుగురం. పిలిచేది మా ఆవిడ. ఆమె పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అక్కడ పన్ను పీకించుకోవడానికి పిలిచినా మనుషులు మొదటి పిలుపుకే లేచి వచ్చేస్తారట. ఇంట్లో అన్నం తినడానికి పిలిస్తే రారేమిటని ఆమెకు అర్థం కాదు. నాకు అర్థమవుతుంది. అక్కడ టోకెన్ ఉంది.

ఇక మిగతావాళ్లు. మా నాన్న టీవీలో వార్తలు చూస్తుంటారు. తాను లేచి వెళ్లిపోతే లోకంలో జరగవలసినవి ఆగిపోతాయేమోనన్న బాధ్యత ఆయనది. మా తమ్ముడికి భోజనం అన్న మాట చెవిన పడగానే స్నానం గుర్తొస్తుంది. పొద్దుటినుంచీ ఖాళీగా పడి ఉన్న బాత్రూమ్ అప్పుడే అతనికి దర్శనమిస్తుంది. మా అమ్మాయి ఫోన్‌లో ఎవరికో ఏదో చెప్పడం పూర్తిచేస్తూ ఉంటుంది. (పుట్టినప్పటినుంచీ పూర్తిచేస్తూనే ఉందని నా అనుమానం.) నేను మాత్రం బాధ్యతగల మనిషిని గనుక, మిగతా ముగ్గురూ వచ్చారా లేదా అని చూసుకుని వెళ్తాను. ముందే వెళ్లి ఖాళీ కుర్చీల మొహం చూస్తూ కూర్చోవడం కాలయాపన.

పిలుపుకు మా నలుగురి జవాబూ ఒకటే: "వస్తున్నా." వ్యాకరణం ప్రకారం ఇది జరుగుతున్న పనిని చెప్పే క్రియ. గృహ వ్యవహారంలో మాత్రం దానికి అర్థం 'విన్నాను, ఇంక పిలవకు' అని. మా ఆవిడ ఈ జవాబును పట్టుకుని మొదట్లో వడ్డించేసేది. తర్వాత తెలివి తెచ్చుకుంది. వీళ్లు ఎలాగూ పావుగంట ఆలస్యంగా వస్తారు కదా అని పావుగంట ముందే పిలవడం మొదలుపెట్టింది. ఆ గుట్టు మాకు తెలిసిపోయింది. పిలిచేసరికి ఇంకా వంట కాదు కదా అని మేం అరగంట ఆగడం మొదలుపెట్టాం. ఆమె ముప్పావుగంట ముందు పిలిచింది. మేం గంట ఆగాం. ధరలు పెరిగినకొద్దీ డబ్బు విలువ పడిపోయినట్టు, మా ఇంట్లో పిలుపు విలువ పడిపోతూ వచ్చింది. చివరికి బియ్యం ఇంకా డబ్బాలో ఉండగానే "చల్లారిపోతోంది, రండి" అని గొంతు చించుకోవలసిన పరిస్థితి ఏర్పడింది. ఒకరోజు పొరపాటున వెంటనే వెళ్లిన మా తమ్ముడు, పొయ్యి మీద ఏమీ లేకపోవడం చూసి, ఇది నమ్మకద్రోహమని వెనక్కి వెళ్లి రెండోసారి స్నానం చేశాడు.

ఒక సెలవురోజు మా ఆవిడ కూరను మూడోసారి వేడిచేస్తూ గరిటె పక్కన పెట్టేసింది.

"నాకేం పెద్ద కోరికలు లేవండీ" అంది. "అందరం కలిసి కూర్చుని, పొగలు వస్తుండగా ఒక్క పూట తినాలనుంది. ఒకరి తర్వాత ఒకరికి వేడిచేసి వేడిచేసి, నా వంతు వచ్చేసరికి నాకే తినబుద్ధి కావట్లేదు."

మరి నువ్వు ముందు తినేయొచ్చు కదా అన్నాను. రమ్మని పిలిచినదాన్ని నేనే ముందు కూర్చుని తింటే ఏం బాగుంటుంది అంది. ఇది కోరిక కాదు, ఫిర్యాదు అని నేను వెంటనే గ్రహించాను. కోరిక అయితే మనం చేయగలిగింది ఏమీ లేదు. ఫిర్యాదుకైతే విధానం ఉంది.

అలా రూపుదిద్దుకున్నదే గృహ భోజన హాజరు నియమావళి. మా ఆఫీసు టోకెన్ యాప్‌నే కొద్దిగా మార్చి అందరి ఫోన్లలోనూ ఎక్కించాను. పిలుపు రాగానే ఫోన్ మోగుతుంది. 'వస్తున్నా', 'బయల్దేరాను', 'దారిలో ఉన్నాను' అని మూడు మీటలుంటాయి, ఏదో ఒకటి నొక్కాలి. (పడకగది నుంచి బల్లకు దారి ఎంత అని అడగకండి. దారి అన్నాక దారే.) మా ఆవిడకు పిలుపు అధికారి హోదా ఇచ్చాను. ఆమె చేయవలసిందల్లా పిలవడం, వడ్డించడం, కూర స్థితిని ఎప్పటికప్పుడు యాప్‌లో తెలియజేయడం. పొగలు వస్తున్నది, గోరువెచ్చనిది, ఇంకా తినదగినది అని మూడు దశలు పెట్టాను. నాలుగో దశ అడిగింది గానీ, జనంలో ఆందోళన రేకెత్తించడం మంచిది కాదని ఒప్పుకోలేదు. నియమావళిని ఆమోదించడానికి ఇంటిల్లిపాదికీ సమావేశం ఏర్పాటు చేశాను. ఎవరూ రాలేదు గనుక ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

అభ్యంతరాలు తర్వాత విడివిడిగా వచ్చాయి. పెద్దవాళ్లు బల్ల దగ్గరికి నడవడం కాదు, కంచమే పెద్దవాళ్ల దగ్గరికి నడిచి రావాలని మా నాన్న వాదించారు. వార్తల మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు మాత్రమే ఆయన్ని పిలవవచ్చని రాజీ కుదిరింది. తల తుడుచుకుంటున్న మనిషి స్నానంలో ఉన్నట్టా, దారిలో ఉన్నట్టా అని మా తమ్ముడు వివరణ కోరాడు. తువ్వాలు భుజం మీదికి చేరిన క్షణం నుంచి దారిలో ఉన్నట్టే అని రాతపూర్వకంగా తెలియజేశాను. అప్పటినుంచీ అతను తువ్వాలు భుజం మీద వేసుకునే స్నానం చేస్తున్నాడని మా అమ్మాయి ఫిర్యాదు. మా అమ్మాయి సంగతి వేరు. ఫోన్ చార్జింగులో ఉంటుంది, తీగ బల్ల దాకా అందదు, కాబట్టి రావాలని ఉన్నా రాలేని పరిస్థితి అని అర్జీ పెట్టుకుంది. మానవతా దృష్టితో ఆమెకు తీగ మినహాయింపు ఇచ్చాను.

మొదటి నెల ఫలితాలు చూసి నా కళ్లే చెమర్చాయి. హాజరు నూటికి నూరు. ఒక్క పూట కూడా ఒక్కరు కూడా తప్పలేదు. 'వస్తున్నా' అని నొక్కినవాళ్లు వచ్చినట్టే యాప్ లెక్క. (టోకెన్ ఇచ్చామంటే పని అయిపోయినట్టే మా ఆఫీసు లెక్క కూడా. లేకపోతే మాకు ఇన్ని ప్రశంసాపత్రాలు ఎలా వస్తాయి?) మా పెద్దసారుకి ఆ అంకెలు చూపించాను. ఆయన చాలాసేపు చూసి, మా ఇంట్లోనూ పెట్టించవయ్యా, మా ఆవిడ మొన్నటినుంచీ మాట్లాడటం లేదు అన్నారు.

ఆ సంతోషవార్త చెబుదామని వంటింట్లోకి వెళ్లాను. మా ఆవిడ బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. చుట్టూ నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫోన్‌లో నలుగురమూ హాజరై ఉన్నాం.

"మరి నేనేం నొక్కాలండీ?" అంది. "ఎప్పుడూ ఇక్కడే ఉంటాను కదా, వచ్చేసినవాళ్లకి మీట ఏదీ?"

నువ్వేమీ నొక్కక్కర్లేదు, పిలిచే మనిషి హాజరు దానంతటదే పడిపోతుంది అని ఓపికగా వివరించాను. ఎందుకంటే వ్యవస్థ అంతా రావలసినవాళ్ల కోసం. వచ్చేసినవాళ్లతో దానికి పనిలేదు. ఆమె గిన్నె మీద మూత పెట్టింది. విషయం ఆమెకు బోధపడిందని నేను సంతోషించాను.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం జరిగిన సంఘటన నియమావళి చరిత్రలో ప్రత్యేకమైనది. ఆ రోజు ఆమె పొద్దున్నే లేచి, దంచి, నూరి, సన్నసెగ మీద ఒక కూర చేసింది. పొయ్యి మీంచి దించగానే తింటే అమృతం, కాసేపు ఆగితే బంక, అదీ దాని గుణం. ఇల్లంతా ఘుమఘుమలాడింది. "ఇవాళ ఒక్కసారే పిలుస్తా. మళ్లీ పిలవను" అని యాప్‌తో పనిలేకుండా నోటితోనే చెప్పింది. నలుగురమూ నాలుగు చోట్లనుంచీ శ్రద్ధగా నొక్కాం. కాసేపు అయ్యాక ఆమె గొంతు మళ్లీ వినిపించింది.

"సరే, నేను వస్తానైతే."

ఇక్కడ తప్పు మాది కాదు, భాషది. మనవాళ్లలో గుమ్మం దాటి వెళ్లిపోయే మనిషి 'వెళ్తున్నా' అనడు, 'వస్తాను' అంటాడు. ఆమె వెళ్తూ అన్న మాటను మేం వస్తూ అన్న మాటగా తీసుకున్నాం. ఎవరికి ముందు వడ్డించాలో అడగడానికి వస్తోందనుకున్నాను నేను. మా నాన్న అయితే టీవీ మీంచి చూపు తిప్పకుండానే "రామ్మా, రా" అన్నారు. తలుపు మూసుకున్న చప్పుడు అందరికీ వినిపించింది గానీ, దానికి యాప్‌లో మీట లేదు.

మమ్మల్ని ఎవరూ మళ్లీ పిలవలేదు. ఆకలికి మాత్రం పిలుపు అక్కర్లేదు గదా. ముందుగా మా నాన్న, లోకాన్ని దాని మానాన వదిలేసి వచ్చారు. తర్వాత తడి తలతో తమ్ముడు, తీగ పీకేసిన ఫోన్‌తో అమ్మాయి. ముగ్గురూ వచ్చారని నిర్ధారించుకుని నేను కూడా వెళ్లాను. బల్ల మీద కంచాలు బోర్లించి ఉన్నాయి. ఒక మూల అన్నం గిన్నె ఉంది. కూర గిన్నె లేదు. అమ్మ ఏదని మా అమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న నియమావళిలో ఎక్కడా లేదు.

మెట్ల మీద నుంచి నవ్వులు వినిపించాయి. వాటిని పట్టుకుని కిందికి దిగాను. కింది ఇంట్లో బట్టలు కుట్టే ఒకావిడ ఉంటుంది. ఆమె తలుపు తీసే ఉంది. బట్టలు కత్తిరించే పెద్ద బల్ల మీద గుడ్డపీలికలు ఒక పక్కకు తోసేసి, నడుమ మా కూర గిన్నె పెట్టి ఉంది. చుట్టూ కుట్టుమిషనావిడ, పై అంతస్తు లెక్కల టీచరమ్మ, పక్కింటి పెద్దావిడ, మా ఆవిడ. ఒక్కొక్కరూ తమతమ ఇళ్లనుంచి ఒక్కో గిన్నె పట్టుకొచ్చినట్టున్నారు. అన్నిటిమీంచీ పొగలు లేస్తున్నాయి. ఆ మూడు ఇళ్లలోనూ జనం దారిలోనే ఉన్నారని తర్వాత తెలిసింది.

"రండి అన్నయ్యగారూ, కూర్చోండి" అని కుట్టుమిషనావిడ మర్యాదగా అంది. కూర్చోవడానికి అక్కడ కుర్చీ లేదు.

మా ఆవిడ నన్ను చూసి లేవలేదు. నోట్లో ముద్ద ఉంది. దాన్ని నిదానంగా, కళ్లు మూసుకుని నమిలి మింగింది. కళ్లు తెరిచేసరికి వాటినిండా నీళ్లు. కూరలో కారం కాస్త ఎక్కువైందేమోనని నేను అనుకున్నాను.

"నేను ఇంత బాగా వండుతానని ఇన్నేళ్లూ నాకే తెలీదండీ" అంది.

టీచరమ్మ ఆమె కంచంలో ఇంకో గరిటెడు కూర వేసింది. మా ఆవిడ వద్దనలేదు. తినడం అయ్యాక వస్తానని, పైకి వెళ్లి కూర్చోమని నాతో చెప్పింది. ఆమె గొంతులో కోపమేమీ లేదు. కోపం ఉంటే ఏదో ఒక విధానం ఆలోచించేవాణ్ని.

పైన మా నాన్న, తమ్ముడు, అమ్మాయి బల్ల చుట్టూ కూర్చునే ఉన్నారు. ఎవరూ లేచి వెళ్లలేదు. టీవీ ఆగిపోయి ఉంది. కంచాలు తిరగేసి ముందు పెట్టుకుని, గుమ్మంవైపు చూస్తున్నారు. నేను కూడా నా కుర్చీలో కూర్చున్నాను. మేం నలుగురం ఒకేసారి బల్ల దగ్గర ఉండటం అదే మొదటిసారి.

ఆ పూట రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే రాశాను. నలుగురు వేళకు హాజరు, పిలుపు అధికారి గైర్హాజరు, భోజనం ఆలస్యానికి కారణం ఆవిడే.