డాక్టరుగారి కారుకు వచ్చిపోయే జ్వరం

తొమ్మిదిన్నరకు ఇంట్లోంచి బయలుదేరాలి, పదిన్నరకల్లా అక్కడ దిగాలి, అరగంట ఊపిరి పీల్చుకోవాలి, పదకొండింటికి ఇంటర్వ్యూ. ఆ ఉదయం పిల్లల డాక్టరుగారి భార్య వేసుకున్న లెక్క ఇది. పద్దెనిమిదేళ్ళుగా లైబ్రరీలో పనిచేస్తున్న ఆవిడకు నగరంలోని లైబ్రరీలన్నిటికీ డైరెక్టరయ్యే అవకాశం మొదటిసారి వచ్చింది. వయసు నిబంధన ప్రకారం ఆఖరిసారి కూడా ఇదే. అందుకని టాక్సీ పిలుస్తానంది.

"ఇంట్లో కారుండగా టాక్సీ ఏంటి? నలుగురూ నవ్విపోతారు!" అన్నారు డాక్టరుగారు.

ఆ నలుగురికీ కారు సంగతి బాగా తెలుసు. దాని వయసు పందొమ్మిది. రెండు నెలలుగా వచ్చిపోయే జ్వరం. ఒకరోజు ఊరంతా తిప్పినా కిక్కురుమనదు. మరోరోజు వీధి మలుపు తిరగ్గానే వేడి చూపించే మీటరు ముల్లు ఎర్రగీత దాటుతుంది. గ్యారేజీకి తీసుకెళ్తే మాత్రం బుద్ధిమంతురాలైపోతుంది. "వేడెక్కినప్పుడు ఫోన్ చెయ్యండి సార్, నేనే వస్తాను" అని మెకానిక్ మూడుసార్లు చెప్పాడు. మాటలు రాని పసిపిల్లల రోగాలు ముప్పయ్యేళ్ళుగా కనిపెడుతున్న మనిషికి కారొక లెక్కా? డాక్టరుగారు ఆసుపత్రి నుంచి జ్వరం చార్టు తెచ్చి స్టీరింగు పక్కన తగిలించారు. తారీఖు, గంట, వెళ్ళిన దారి అన్నీ ఎక్కించారు. దాన్ని చూసి ఒకసారి థర్మోస్టాట్, ఒకసారి రబ్బరు గొట్టాలు మార్పించారు. జ్వరం తగ్గలేదు. చార్టులో తేలిందల్లా ఒక్కటే: భార్య ఎక్కినప్పుడే ఎక్కువసార్లు వేడెక్కుతోంది.

"అంటే నా బరువంటారా?" అంది ఆవిడ.

"నేనేం అనలేదు. చార్టు అంటోంది."

సగం దారిలో చినుకులు మొదలయ్యాయి. డాక్టరుగారు వైపర్లు వేశారు, లైట్లు వేశారు. ముల్లు లేచి ఎర్రగీత మీద కూర్చుంది.

"కంగారుపడకు. ఇంజిన్ వేడిని మనం లోపలికి లాగేసుకుంటే సరి" అంటూ ఆయన హీటరు పూర్తిగా తిప్పారు. వానకు అద్దాలన్నీ మూసే ఉన్నాయి. ఐదు నిమిషాల్లో కాబోయే డైరెక్టరు ఇస్త్రీ బట్టలు ఒంటికి అతుక్కుపోయాయి. సర్టిఫికెట్ల ఫైలు విసనకర్ర అయింది.

"ఏమండీ, నేను వెళ్ళేది ఇంటర్వ్యూకి, ఆవిరి పట్టుకోడానికి కాదు!"

ముల్లు దిగలేదు. బస్టాపు పక్కన కారు ఆపి, ఇరవై నిమిషాలు రోగిని కదిలించకూడదన్నారు డాక్టరుగారు. బస్టాపులో ఉన్న పెద్దావిడ బానెట్‌లోకి తొంగిచూసి, "మా ఆయన బండి కూడా ఇలాగే చేసేదండీ. అమ్మేశాక బాగా నడిచింది" అంది. ఆవిడ పక్కన చంటిపాపతో నిలబడ్డ తల్లి డాక్టరుగారిని గుర్తుపట్టింది.

"డాక్టరుగారూ, పాపకు పొద్దున్నుంచి నూటొకటి. భయంగా ఉందండీ."

"ఆడుకుంటోందా? పాలు తాగుతోందా? మరేం భయం లేదు. వైద్యం పాపకు చెయ్యాలమ్మా, థర్మామీటరుకు కాదు" అన్నారాయన ధీమాగా.

ఆ మాట విన్న భార్య బానెట్ మీద చెయ్యి వేసి చూసింది. "ఏమండీ, ఆవిరి లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. దీనికి నిజంగా జ్వరమేనా?"

"మీటరు కళ్ళెదురుగా చెబుతుంటే చెయ్యి వేసి చూడడమేంటి!"

ఆవిడ మెకానిక్‌కు ఫోన్ చేసింది.

అతను స్కూటర్ మీద వచ్చి తాళం తిప్పాడు. లైట్లు వేశాడు, ముల్లు లేచింది. ఆర్పాడు, ముల్లు దిగింది. "సార్, ఇంజిన్‌కు ఏ రోగమూ లేదు. మీటరు ఎర్త్ వైరు వదులైంది, అంతే. లైట్లు వేస్తే ఉత్తినే లేస్తుంది. అమ్మగారిని రోజూ సాయంత్రం లైట్లేసుకునేగా తీసుకొస్తారు! రేపు వైరు మారుస్తాను. అందాకా ఆ ముల్లును నమ్మకండి" అని వెళ్ళిపోయాడు.

పాప తల్లి పాప నుదుటి మీద మరోసారి చెయ్యి వేసి చూసుకుంది. చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత తనకోసమే పుట్టిందని డాక్టరుగారికి అర్థమై చెవులు ఎర్రబడ్డాయి. ఆ సిగ్గులో ఏదో ఒకటి చెయ్యాలనిపించి, ఎందుకైనా మంచిదని రేడియేటర్‌లో సీసాడు నీళ్ళు పోశారు.

"టైమవుతోందండీ!" భార్య కేకేసింది. బానెట్ దించేసి ఒక్క ఉరుకులో సీట్లో పడ్డారు.

మూడో మలుపులో చినుకులు పెరిగి లైట్లు వేశారు, ముల్లు లేచింది. డాక్టరుగారు నవ్వారు. "లే, లే. ఇక నీ ఆటలు సాగవు."

"ఏదో ఉడుకుతున్న వాసన..."

"అంతా నీ భయం."

"ముందు పొగండీ!"

"పొగ కాదు, వాన తుంపర" అంటుండగానే బానెట్ కింద బుస్సుమంది. కారు నడిరోడ్డు మీద తెల్లటి ఆవిరిలో మునిగిపోయింది.

చేతిరుమాలు కోసం జేబులో చెయ్యి పెడితే రేడియేటర్ మూత తగిలింది. నీళ్ళు పోశాక దాన్ని బిగించడం ఆయన మరిచిపోయారు. పద్దెనిమిదేళ్ళు ఆవిడ ఎదురుచూసిన రోజును చేజేతులా పాడుచేశారు. మూత చూపిస్తూ, "నన్ను క్షమించు" అన్నారు. ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. ఆవిడ వినే స్థితిలో లేదు. వెనక వస్తున్న సిటీబస్సును చెయ్యెత్తి ఆపి ఎక్కేసింది.

సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చున్నారు.

"పావుగంట ఆలస్యంగా వెళ్ళాను" అంది ఆవిడే. "తడిసిన జుట్టు, ముడతల బట్టలు. ఎందుకు ఆలస్యమని అడిగారు. ఏడుపొచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను."

"అంతా చెప్పావా?"

"మూతతో సహా. ముగ్గురూ పడీపడీ నవ్వారు. తర్వాత వాళ్ళలో పెద్దాయన, రిపోర్టు చూసి ఊరుకోకుండా చెయ్యి వేసి చూసే మనిషే మాకు కావాలన్నారు. ఉద్యోగం ఇచ్చారండీ!"

డాక్టరుగారి కళ్ళు చెమర్చాయి. సంతోషం పట్టలేక, "అంటే ఒకరకంగా ఇదంతా నావల్లే..." అనబోయారు.

"ఆ ఒక్క మాట అనకండి" అంది ఆవిడ.

ఆ ఉద్యోగానికి కారూ డ్రైవరూ ఇచ్చారు. వెళ్తూ వెళ్తూ ఆయన్ని ఆసుపత్రి దగ్గర దింపడానికి ఆవిడకేం అభ్యంతరం లేదు, వెనక సీట్లో, మీటరు కనిపించని వైపు కూర్చుంటే.