చూపు సంతృప్తికరం

మానవజాతి సాధించిన విజయాల్లో కంటి ఆపరేషన్‌ను మించినది లేదని పెద్దలు తీర్మానించారు. (తీర్మానం చేసిన పెద్దల్లో సగం మందికి దాన్ని ఎవరో చదివి వినిపించారు.) కంటి అంచున రెండు మిల్లీమీటర్ల కోత పెడతారు. మసకబారిన కటకాన్ని శబ్ద తరంగాలతో పొడి చేసి పీల్చేస్తారు. చుట్ట చుట్టిన కొత్త కటకాన్ని అదే దారిన పంపిస్తే, అది లోపలికి పోయి తనంతట తానే విచ్చుకుంటుంది. కుట్లు లేవు, కట్లు లేవు. అంతా కలిపి పదకొండు నిమిషాలు. ఆ చూపు వచ్చిందని ఆఫీసును నమ్మించే ఆపరేషన్ మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఈ సంగతి తెలియక ఆపరేషన్ చేయించుకున్నవాడు ఒక సిటీ బస్సు డ్రైవరు. డిపోలో అతన్ని నిదానం అని పిలుస్తారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో చివరి పదేళ్ళూ అతను బస్సును ఎంత నెమ్మదిగా నడిపాడంటే, సంస్థ మూడుసార్లు శాలువా కప్పి ఆదర్శ డ్రైవరని మెచ్చుకుంది. కారణం సుగుణం కాదు, శుక్లాలు. ముందు బస్సు వెనక వెలిగే ఎర్ర దీపాలే అతనికి దారి, దిక్కు. ఒకరోజు ఆ దీపాలను నమ్ముకుని నలభై మంది ప్రయాణికులతో సహా బస్సులు కడిగే షెడ్డులోకి వెళ్ళాడు. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి.

"ఇంక చాలు. పదండి ఆస్పత్రికి" అంది భార్య. ఆమె ఆ బస్సులోనే, కిటికీ పక్కన కూర్చుని ఉంది.

వారం తేడాతో రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. ఇంటికి రాగానే అతను హాల్లో నిలబడిపోయాడు.

"కర్టెన్లు మార్చావా?"

"పదేళ్ళుగా అవే."

"నీలం రంగువా ఇవి?"

"పదేళ్ళుగా నీలమే. మీరు గడ్డం సగమే గీసుకుంటారని కూడా పదేళ్ళుగా చెబుతున్నాను. ఇప్పుడైనా అద్దంలో చూసుకోండి."

చూసుకున్నాడు. సంతోషం పట్టలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత అవి మందు చుక్కలేనని బుకాయించాడు.

నియమావళి పద్నాలుగో నిబంధన ప్రకారం, కంటికి మరమ్మతు చేయించుకున్న డ్రైవరు పదిహేను రోజుల్లో దృష్టి నిర్ధారణ పరీక్ష పాసవ్వాలి. లేకపోతే స్టీరింగ్ వదిలి, ప్రయాణికులు మరచిపోయిన వస్తువుల గదికి కాపలాగా వెళ్ళాలి. ఆ గదిలో నూట పన్నెండు గొడుగులు, ఒక కట్టుడు పళ్ళ సెట్టు ఉన్నాయి. స్టీరింగ్ పట్టుకోకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి అతను. అయినా భయపడలేదు. చూపుంది కదా, దిగులెందుకు అనుకున్నాడు. (అమాయకుడు.)

దృష్టి నిర్ధారణాధికారి ఒక పొడుగాటి గదిలో ఈ చివర కూర్చుంటారు. ఆ చివర గోడ మీద అక్షరాల బోర్డు ఉంటుంది. అధికారి ముందు సమాధానాల కాగితం ఉంటుంది. నిదానం నిలబడి, ఎడమ కన్ను మూసుకుని, పదేళ్ళ తర్వాత మొదటిసారి బోర్డును నిజంగా చూశాడు.

"క" అన్నాడు హుషారుగా.

"తప్పు" అన్నారు అధికారి.

"డ, మ."

"రెండూ తప్పే."

"చ, య, బ, ల. కింద కంపెనీ పేరు కూడా ఉంది సార్. దాని మీద ఒక ఈగ వాలింది."

"ఈగ సిలబస్‌లో లేదు" అంటూ అధికారి సున్నా చుట్టారు. "ఏమయ్యా, ఆపరేషన్‌కు ముందు ప్రతి ఏడూ నీకు నూటికి నూరు. ఇప్పుడు సున్నా. ఉన్న కళ్ళు కాస్తా పోగొట్టుకున్నావు."

"ఒక్కసారి మీరే బోర్డు చూడండి సార్!"

"బోర్డు చూడటం అభ్యర్థి పని. కాగితం చూడటం నా పని. ఎవరి పని వాళ్ళు చేస్తేనే సంస్థ నడుస్తుంది."

కంటి డాక్టరమ్మ రాసిచ్చిన రిపోర్టు చూపించాడు. అది ఆస్పత్రి బోర్డు మీద వచ్చిన చూపని, ఈ బోర్డుకు చెల్లదని అధికారి వివరించారు. యాప్‌లో ఫిర్యాదు పెట్టాడు. అర నిమిషంలో జవాబు వచ్చింది: 'విచారణ పూర్తయింది. బోర్డు సరిగానే ఉంది. సమాధానాలు సరిగానే ఉన్నాయి. మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

అసలు విషయం చెప్పినవాడు డిపోలో అందరికన్నా సీనియర్ డ్రైవరు. అందరూ గురువుగారంటారు. బోర్డు పరీక్షలో ఇరవై ఆరేళ్ళుగా ఆయనదే రికార్డు.

"పాత బోర్డుకు చెదలు పట్టి ఎనిమిదేళ్ళయింది రా తమ్ముడూ. కొత్తది కొని తగిలించారు. సమాధానాలు మాత్రం వేరే విభాగం కింద వస్తాయి. ఆ విభాగానికి బోర్డు మారినట్టు ఉత్తరం వెళ్ళలేదు."

"మరి మీరంతా ఎలా పాసవుతున్నారన్నా?"

"బోర్డెవడు చూశాడు? ఠ, గ-వ, న-ర-ప, స-ద-త-హ. నేను చేరినప్పుడు మా సీనియర్ నేర్పించాడు, నీకు నేను నేర్పించాను. కళ్ళు రాగానే మరిచిపోయావా? గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం? హాయిగా పాడుకుని వచ్చేవాడివి. చేతులారా చూపు తెచ్చుకున్నావు."

పదిహేను రోజుల్లో పదమూడు గడిచిపోయాయి. మిగిలిన రెండు రోజులూ నిదానం ఆ పాఠమే వల్లించాడు. స్నానం చేస్తూ వల్లించాడు, కంట్లో చుక్కలు వేసుకుంటూ వల్లించాడు. భార్య ఎదురుగా కూర్చుని బడిపిల్లాడికి అప్పజెప్పించుకున్నట్టు అప్పజెప్పించుకుంది. చివరికి ఆమెకే ముందు వచ్చేసింది.

రెండో పరీక్షలో 'ఠ' అని ఘనంగా మొదలుపెట్టాడు. అధికారి తల ఊపారు. తర్వాత 'గ' అనబోయాడు గానీ, ఎదురుగా 'డ' అంత లావున కనిపిస్తోంది. కళ్ళు ఒకటి చెబుతుంటే నోరు ఇంకొకటి ఎలా పలుకుతుంది? నాలుక తడబడింది. నూట పన్నెండు గొడుగులూ కళ్ళముందు మెదిలాయి.

"సార్, ఒక కన్నే మూయాలా, రెండూ మూసుకోవచ్చా?"

అధికారి నియమావళి తీసి చాలాసేపు వెతికారు. "విడివిడిగా మూయాలని ఉంది. కలిపి మూయకూడదని ఎక్కడా లేదు. మూసుకో. టైమ్ కలిసొస్తుంది."

నిదానం రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని గడగడా అప్పజెప్పాడు. ఒక్క అక్షరం తప్పలేదు. అధికారి లేచొచ్చి చెయ్యి కలిపారు. (మొదటి ప్రయత్నంలో కుర్చీ చేతితో కలిపి, రెండో ప్రయత్నంలో నిదానం చేతితో కలిపారు.) "ఇదీ చూపంటే! ఆపరేషన్ ఇప్పుడు కుదుట పడింది" అని 'చూపు సంతృప్తికరం' అనే ముద్ర వేశారు.

"మీరు కూడా ఒకసారి డాక్టరమ్మకు చూపించుకోండి సార్. పదకొండు నిమిషాలే."

"నాకెందుకయ్యా? ఈ బోర్డు మీద నన్ను నేనే పరీక్షించుకుంటాను. ఎప్పుడూ నూటికి నూరే."

మర్నాడు ఉదయం నిదానం మళ్ళీ స్టీరింగ్ పట్టుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. రోడ్డు మీద గీతలున్నాయని, దుకాణాలకు పేర్లున్నాయని, సిగ్నల్ మూడు రంగుల్లో వెలుగుతుందని తెలిసి మురిసిపోయాడు. వంతెన దాటగానే, ఎదురుగా నిండుగా జనంతో గురువుగారి బస్సు, రోడ్డుకు సరిగ్గా నడిమధ్య నుంచి మహా వేగంగా వస్తూ కనిపించింది.

నిదానం బస్సును పక్క కాలువ అంచు దాకా తీసి, ఆపి, హారన్ మీద చెయ్యి పెట్టి ఇంక తియ్యలేదు. జానెడు దూరంలో ఆ బస్సు దూసుకుపోయింది. హారన్ విన్న గురువుగారు మనవాడెవరో పలకరిస్తున్నాడని ముఖమంతా నవ్వు చేసుకుని, రోడ్డుకు అటువైపున్న కరెంటు స్తంభానికి ఆప్యాయంగా చెయ్యి ఊపారు.