ముందు భాగం పచ్చి

ఆ పొద్దున సోనీకి ఉన్న పని ఒక్కటే, మెదడును బడికి తీసుకెళ్లడం. గౌలిపురాలో తాతలనాటి నుంచి బర్రెలు సాకే ఇల్లు కనుక, తొమ్మిదో తరగతి సైన్సు ప్రదర్శన కోసం ఆ పిల్ల మెదడును కోవాతో చేసింది. వెనక భాగం గట్టిగా కాచింది. నుదుటి వైపు భాగాన్ని కావాలనే పచ్చిగా వదిలింది. పళ్లెంలో పెట్టి, బట్ట కప్పి, మొద్దునిద్ర పోయింది.

పాలు పితికి వచ్చిన తండ్రి ఆగయ్య బట్ట ఎత్తి చూసి గుండెలు బాదుకున్నాడు. అంతా ముడతలు, మడతలు, ఒక పక్క పచ్చి వాసన. కోవాకు పేరుపడ్డ ఇంట్లో ఇది ఎవరి కంటైనా పడితే పరువు గంగలో కలిసినట్టే. వెంటనే బాండీలో వేసి మళ్లీ కాచి, నున్నగా పేడాలు చుట్టాడు. అంతలో పక్కింటి బుచ్చయ్య మనవరాలి నామకరణానికి పిలవడానికి వస్తే, పళ్లెంతో సహా చేతిలో పెట్టాడు.

సోనీ లేచింది. "అమ్మా, నా మెదడేది?"

"గదే బిడ్డా, నెల సంది మేం గూడ దేవులాడుతున్నం," అంది తల్లి స్వరూప.

నెల నుంచి ఆ పిల్ల లేపితే కసురుకుంటోంది, తలుపులు ధడేల్మని వేస్తోంది, ఉత్తపుణ్యానికి ఏడుస్తోంది మరి. దిష్టి తీసి తీసి స్వరూప అలసిపోయింది.

సంగతి తెలిసి ఆగయ్య పక్కింటికి పరుగెత్తేసరికి బుచ్చయ్య చివరి పేడా నోట్లో వేసుకుంటున్నాడు. "మస్తుందిరా ఆగయ్యా! సగం గుడికి పంపిన, సగం చుట్టాలు తిన్నరు."

సోనీ ఏడ్చింది. తలుపు వేసుకుంది. మరుక్షణమే తీసింది. "బాపు, స్టవ్వు పట్టు, పాలు పట్టు. బడిలనే కాస్తం."

బడిలో ఆగయ్య గరిటె తిప్పుతుంటే, చుట్టూ చేరినవాళ్లకు సోనీ చెప్పింది. "మా వయసుల ఒంట్ల హార్మోన్లు పొయ్యి ముట్టిస్తయి. ఆడపిల్లలకు జర ముందు, మగపిల్లలకు జర ఎనక. పనికిరాని తీగెలు తెంపి, పనికొచ్చేటివి గట్టిచేసుకుంట మెదడు తనను తానే మళ్ల కట్టుకుంటది. కోపం, సంబురం పుట్టే జాగ ముందుగాల ఉరుకుతది. ఆగి ఆలోచించే ముందు భాగం తయారయ్యేసరికి ఇరవై దాటి ఇంకా కొన్నేండ్లు పడ్తది."

ఆగయ్య చేయి ఆగిపోయింది. తాను నెలరోజులుగా తిడుతున్న ఆ చిన్న తలలో ఇంత పని నడుస్తోందా! బర్రె ఈనగానే తడి దూడ లేచి నిలబడితే తప్ప ఆయన ఇంతగా ఎన్నడూ అబ్బురపడలేదు. కళ్లు చెమర్చాయి.

కోవా దగ్గరపడ్డాక సోనీ దాన్ని పళ్లెంలో మళ్లీ మెదడులా మలిచి, ముందు భాగాన్ని పచ్చిగానే ఉంచింది. ఆలస్యంగా వచ్చిన తెలుగు టీచరు హైమవతి పళ్లెంలోకి వంగి చూశారు. "ముందు భాగం పచ్చిగా ఉందండీ. ఇంకాస్త కాచండి."

ఆగయ్య గరిటెను వీపు వెనక దాచుకున్నాడు. "వద్దు టీచరమ్మా. జల్ది చేస్తే మాడుతది."

ఇంటికి వస్తూ సోనీ అడిగింది. "మరి పొద్దుగాల నన్నొక్క మాట అడగకుంట ఎందుకు కాచినవ్ బాపు?"

"తోచలే బిడ్డా."

ముందు భాగం తయారయ్యే వయసును ఆగయ్య దాటి అప్పటికే ఇరవై ఏళ్లయింది.