మాల్దీవులకు దగ్గొచ్చింది

పక్కింటివాళ్ళతో పడటం లేదా? కొళాయి దగ్గర తగవా? గోడ దగ్గర పేచీయా? అయితే నా మాట విని ఆ పక్కింటిని వెంటనే వేరే దేశంగా ప్రకటించేయండి! ఆ తర్వాత చూడండి, ఎంత స్నేహం, ఎంత సహకారం, ఎన్ని శాలువాలు!

నవ్వకండి. కళ్ళారా చూసి చెబుతున్నాను.

పుంగనూరు దగ్గర మా అమ్మాయి ఉష ఒకటో తరగతి చదివే స్కూల్లో మొన్న ‘దక్షిణాసియా పర్యావరణ సదస్సు’ జరిగింది. ఇలాంటివి పిల్లలకు కాదు, తల్లులకు పరీక్షలని కొందరు సణుగుతారు. తప్పు! నాలాగా తొమ్మిదో తరగతిలోనే పుస్తకాలు మూసేసినవాళ్ళకు ఇంత విజ్ఞానం ఇంకెక్కడ దొరుకుతుంది? ఎనిమిది మంది పిల్లలు, ఎనిమిది దేశాలు. మా ఉషకు మాల్దీవులు వచ్చింది.

మాల్దీవులు ఎలాంటి బట్టలు వేసుకుంటుంది? ఫోన్లో వెతికితే, సినిమావాళ్ళు సముద్రం ఒడ్డున వేసుకునేవే కనిపించాయి. అవి వేసి పంపితే మా అత్త వెంకటమ్మ నన్ను కుప్పంలో మా పుట్టింటికి బస్సెక్కించేస్తుంది. మదనపల్లెలో వేషాలు అద్దెకిచ్చే అంగడికి పోయాను.

"మాల్దీవులు లేదుమ్మా. చేప ఉండాది, ఇయ్యనా?" అన్నాడు అంగడాయన.

చేపే తెచ్చాను. సముద్రంలోదే కదా!

మా అత్తకు కోపం వేషం మీద రాలేదు, డైలాగు మీద వచ్చింది. "మా దేశం మునిగిపోతోంది! పొరుగు దేశాల్లారా, కాపాడండి!" అని ఉష చెప్పాలి.

"మునిగిపొయ్యేది మన బిడ్డకే యాల ఇచ్చినారు? యాడన్నా గట్టు మీదుండే దేశం అడగలేకపోయినావా?"

"నేపాలు కరస్పాండెంటు మనవరాలికి ఇచ్చేసినారత్తా."

"అట్లా సెప్పు! మిట్టలన్నీ వాళ్ళకి, గుంతలన్నీ మనకి!"

ఇక్కడ మీకు గోడ సంగతి చెప్పాలి. స్కూలు వెనక గోడ ఉంది, గోడకు అవతల చెత్త తిప్ప ఉంది. టమోటా చేలల్లో పరిచి, పంట అయిపోయాక పీకేసిన ప్లాస్టిక్ మల్చింగ్ షీట్లు, తెగిన డ్రిప్పు పైపులు అన్నీ ఆ తిప్ప మీదికే చేరతాయి. ఎవరు అంటించారో ఏమో, మూడు నెలలుగా కాలుతూనే ఉంది. భగ్గుమని మండి ఆరిపోదు. కొత్త కోడలి మీద కోపంలాగా లోలోపల రాజుకుంటూనే ఉంటుంది!

ఆ తిప్పకు సరిగ్గా నడుమన రెండు పంచాయతీల పొలిమేర. పొగకు ఆ పట్టింపు లేదు. గోడ దూకి నేరుగా ఒకటో తరగతి కిటికీలోకి వస్తుంది. అప్పటినుంచి ఉషకు దగ్గు. స్కూలు నుంచి రాగానే బ్యాగు దించి, బిడ్డ వీపుకు చెవి ఆనించి వినడం నాకు అలవాటైపోయింది.

పెద్ద పనేమీ కాదు. ఒక ట్యాంకరు నీళ్ళు పోసి, పైన నాలుగు ట్రాక్టర్ల మట్టి కప్పితే చాలు. మా కుప్పంలో ఒకే అంగట్లో తెలుగులో బేరం మొదలుపెట్టి, అరవంలో తిట్టుకుని, కన్నడంలో రాజీపడతారు. అక్కడ పెరిగినదాన్ని, పొలిమేరలంటే నాకు భయమా? ఇవతలి పంచాయతీ ఆఫీసుకు పోయాను.

"పొగ మా పక్కకి వస్తాండేది నిజమేమ్మా. మంట ఆడ కదా ఉండాది? ఆడికి పో," అన్నాడు అక్కడి సెక్రెటరీ ప్రదీప్ సార్.

అవతలికి పోయాను.

"మంట మా పక్కనే ఉండాది, కాదనలేదు. సెత్త యాడిది? మీ పక్కది! మీవాళ్ళనే ఆర్పమను," అన్నాడు అక్కడి సెక్రెటరీ మురళీధర్ సార్.

ఇద్దరూ ఎంత నిజాయితీపరులో చూశారా? ఒకరు పొగను ఒప్పుకున్నారు, ఒకరు మంటను ఒప్పుకున్నారు. మూడు నెలల్లో ఏడు సార్లు తిరిగాను, ఏడు సార్లూ ఒప్పుకున్నారు!

ఇక సదస్సు చూడండి. వేదిక కట్టింది ఆ గోడ పక్కనే. భూటాన్ చెట్లు నాటమంది. బంగ్లాదేశ్ వరదల గురించి చెబుతూ మధ్యలో బాత్రూముకు పోయొచ్చింది. మా చేప లేచింది. "మా దేశం మునిగి..." అనగానే గాలి ఇటు తిరిగింది. దగ్గు అందుకుంది. వంగిపోయి, మొప్పలు ఊడిపోయేలా దగ్గింది. ఇండియా తన నీళ్ళ బాటిలు మూత రాక బిక్కమొహం వేసింది. పాకిస్తాన్ పరుగున వచ్చి తన బాటిలు అందించింది. శ్రీలంక వీపు నిమిరింది. దక్షిణాసియాలో ఇంత సహకారం మీరెప్పుడైనా చూశారా?

నేను కుర్చీలు దాటుకుని వేదిక దగ్గరికి పరుగెత్తేసరికి చప్పట్లు మోగిపోతున్నాయి.

"ఏం యాక్షనప్పా ఈ పాపది!" మైకు పట్టుకున్నాడు ముఖ్య అతిథి, రిటైరైన హెడ్మాస్టరు శంకరప్ప సార్. "మునిగిపొయ్యే దేశానికి గొంతులో నీళ్ళు పోతే ఎట్లుంటాదో కండ్లకు కట్టినట్టు సూపించింది!"

ఉషకు మొదటి బహుమతి. సహజ నటనకు!

ఆ తర్వాత ‘పొగ లేని దక్షిణాసియా’ ఒప్పందం మీద ఎనిమిది దేశాలూ స్కెచ్ పెన్నులతో సంతకాలు పెట్టాయి. నేను గడియారం చూశాను. పదకొండు నిమిషాలు పట్టింది. అందులో నాలుగు నిమిషాలు ఆఫ్ఘనిస్తాన్ తన పేరు రాసుకోవడానికి.

మర్నాడు పొద్దున్నే మదనపల్లెలో డాక్టరమ్మ దగ్గరికి పోయాము. ఆమె స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వినింది. ఉష తన సర్టిఫికెట్ తీసి గర్వంగా చూపించింది.

"నటన బాగుందమ్మా," అంది డాక్టరమ్మ, నవ్వకుండా. "ఛాతీలో పిల్లికూతలు మాత్రం నిజం. ఆ పొగ ఆపకపోతే నేను ఎన్ని మందులు రాసినా లాభం లేదు."

వచ్చేటప్పుడు స్కూల్లో ఒప్పందం అడిగి తీసుకుని, జెరాక్సు తీయించి, నేరుగా అవతలి పంచాయతీలో మురళీధర్ సార్ ముందు పెట్టాను. ఎనిమిది దేశాలు ఒప్పుకున్నాక ఒక పంచాయతీ ఒప్పుకోదా?

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని కింద నుంచి పైదాకా చదివాడు.

"అన్ని సంతకాలూ ఉండాయి గానీ, దీంట్లో మా పంచాయతీ యాడుందమ్మా?"

నిజమే! మా ప్రాంతానికున్న లోపమల్లా అదే. ఇది విదేశం కాదు. అయి ఉంటే ఈపాటికి ఎన్ని సదస్సులు, ఎంత మంది ప్రతినిధులు, ఎన్ని నీళ్ళు!

నిన్న సాయంత్రం సుధారాణి మిస్ ఫోన్ చేసింది. ఆ వేషాలన్నీ వేయించిన టీచరు ఆమే.

"ఉష వల్ల మన స్కూలుకు మంచి పేరొచ్చింది మేడం! వచ్చే ఏడాది ఇంకా పెద్దగా చేస్తాండాము. ముందుగానే చెప్పుకోండి, పాపకు ఏ దేశం కావాల?"

పక్కనుంచి మా అత్త నా మోచెయ్యి పొడుస్తోంది. "నేపాలు! నేపాలు అడగవే! పొగ అంతెత్తుకు రాదు!"

లోపల ఉష దగ్గుతోంది. చూసి చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ లేరు.

"దేశాలేవీ వద్దు మిస్," అన్నాను. "మా ఉషకు గోడ అవతలి పంచాయతీ వేషం ఇయ్యండి. ఇవతలి పంచాయతీ ఇంకో బిడ్డకు ఇయ్యండి. పదకొండు నిమిషాల్లో సంతకాలు పెట్టేస్తారు. ట్యాంకరు మటుకు అట్టముక్కతో చెయ్యొద్దండి. నిజంది తెప్పించండి."