దేవవ్వ చెయ్యి ఫ్రీ కాదు

పిల్లలకు పెద్దలంటే లెక్కలేకుండా పోయిందని వాపోయేవాళ్లంతా వెంటనే తమ ఇంట్లో ఒక జపాన్ బొమ్మల ఆటను ఫోన్‌లోకి దించుకోవాలి. ఫ్రీయే! దాంతోపాటే పెద్దల మీద భక్తి కూడా ఫ్రీగా పుట్టుకొస్తుంది. నమ్మరా? అయితే బోధన్‌లో దేవవ్వ ఇంటికి పోదాం పదండి.

దేవవ్వ మనవడు శ్రావణ్ ఆ ఆటలో మహావీరుడు. ముఖంలో సగం కళ్లే ఉండే గులాబీ జుట్టు పిల్లలను ఒక్కొక్కరినే పోగుచేసి సైన్యం కట్టాలి. ఎవరిని ముందు నిలబెట్టాలో, ఎవరిని వెనక దాచాలో అతనికి తెలిసినంత ఏ సేనాపతికీ తెలియదు. విల్లు పట్టిన పిల్లకు యుద్ధంలో కంటికి దెబ్బ తగిలితే, ఆ పూట అతనికి అన్నం సయించలేదు పాపం! అంత సున్నితమైన మనసు.

దేవవ్వకూ రెండు కళ్లలో శుక్లం ముదిరింది. నిజామాబాద్ దవాఖానకు తీసుకుపొమ్మని ఆమె ఉగాది నుంచి అడుగుతోంది. రేపు పోదామని అతను ఉగాది నుంచి చెబుతున్నాడు. ఉండేది ఒకే ఇంట్లో కదా, తొందరేముంది?

అయితే ఆటలో ఒక చిక్కుంది. బటన్ నొక్కితే ఏ పిల్ల వస్తుందన్నది అదృష్టం. శ్రావణ్ నొక్కితే వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాయనమ్మ! రుద్రూర్ వైపు రైతులు ఒకప్పుడు చెరుకు నాటే రోజు మొదటి ముక్క ఆమె చేతనే పెట్టించేవారు. చెయ్యి మంచిదని పేరు.

"అవ్వా, జర నీ చేత్తోటి గీడ ఒత్తు" అన్నాడు.

ఒత్తింది. ఎవరికీ దొరకని కత్తిపిల్ల దిగింది!

ఆనాటి నుంచి చూడాలి గౌరవం! మనవడు పొద్దున్నే ఫోన్ పట్టుకొని నాయనమ్మ మంచం పక్కన నిలబడతాడు. అతని దోస్తు వేణు అయితే కాళ్లు మొక్కి మరీ ఒత్తించుకుపోయాడు. ఆమె కన్ను సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. ఒత్తడానికి కన్నెందుకు? వేలు చాలదూ?

దేవవ్వ తక్కువదేం కాదు. రోజూ వాళ్ల మాటలు వింటూనే ఆట తీరు పట్టేసింది. ముందు ఫ్రీగా రుచి చూపించాలి, తర్వాత బిగబట్టాలి. నాలుగు రోజులే ఉండి పోయే లిమిటెడ్ పిల్ల ఒకతె ఆటలోకి వచ్చిన నాడు, ఆమె చెయ్యి కొంగు కింద దాచుకుంది.

"ఫ్రీ అయిపోయింది బిడ్డా. ముందుగాల కంటి దవాఖానకు తోల్కపో. గప్పుడు ఒత్తుత."

ఉగాది నుంచి కుదరని ప్రయాణం మర్నాడే కుదిరింది. ఆపరేషన్ అయి, పట్టీ విప్పారో లేదో శ్రావణ్ ఫోన్ ముందుకు చాపాడు. దేవవ్వ మాట తప్పలేదు, ఒత్తింది. పిల్ల వచ్చింది. ఆమె మాత్రం ఫోన్ వైపు చూడలేదు. మనవడి ముఖమే చూస్తూ ఉండిపోయింది.

"గడ్డం ఎప్పుడొచ్చిందిరా నీకు?" అంది.

అతనికి వినపడలేదు. కొత్త పిల్లను ముందు వరుసలో నిలబెడుతున్నాడు.

కాబట్టి ఆట కంపెనీ వారికి మనవి. వచ్చే నెల కూడా దయచేసి ఒక లిమిటెడ్ పిల్లను దించండి. దేవవ్వకు ఇంకో కన్ను మిగిలే ఉంది.